పాత పనిముట్ల పెట్టె: సంత నుంచి పదును దాకా

ఏం కావాలి

చేత్తో చెక్కపని చేయడానికి అవసరమైన పనిముట్లన్నీ పాతవే కొని, బాగుచేసి, ఒక పెట్టెలో చేర్చాలన్నది ఈ ప్రాజెక్టు. వెతికే చోట్లు రెండే: పాత సామాన్ల సంతలు, ఇళ్ల ముందు పెట్టే గ్యారేజ్ సేల్స్. గోడకు తగిలించి చూసుకోవడానికి ఏదీ కొనను. పెట్టెలోకి వచ్చిన ప్రతిదీ చెక్క మీద పనిచేయాలి.

జాబితా చిన్నదే. మోటుగా చెక్క తీసే చిత్రిక, నున్నగా చేసే చిత్రిక, పొడవాటి అంచుల్ని తిన్నగా చేసే పెద్ద చిత్రిక. నిలువు కోతకు ఒక రంపం, అడ్డకోతకు ఒకటి. కొన్ని ఉలులు. చెక్కకు రంధ్రాలు వేయడానికి చేత్తో తిప్పే బ్రేస్, దానికి బిట్లు. ఒక మూలమట్టం.

పాతవే ఎందుకంటే, ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఇవి రోజంతా వీటితోనే బతికే వడ్రంగుల కోసం తయారయ్యేవి. కరెంటు యంత్రాలు వచ్చాక కొనేవాళ్లు మారారు. పోతలో, పిడి చెక్కలో, అమరికలో ఖర్చు తగ్గించడం మొదలైంది. అలాగని పాతదల్లా మంచిదని నేను అనుకోను. ఆ రోజుల్లోనూ చవకరకం సరుకు ఉండేది. అదీ ఇప్పుడు అదే బల్ల మీద, అదే తుప్పుతో కనిపిస్తుంది. రెండింటినీ వేరుచేసి చూడగలగడమే ఈ వేటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

తుప్పు చూసి వెనకాడను, అది పోతుంది. నేను భయపడేది పోత ఇనుములో పగులుకు, పదును అంచు దగ్గర పడిన లోతు గుంటలకు, మళ్లీ దొరకని మరలున్న విడిభాగాలు పోవడానికి. బల్ల దగ్గర నిలబడిన ఆ కొద్ది నిమిషాల్లో చూడాల్సింది వీటినే.

సంచిలో ఉండేవి: చిన్న టార్చి, ఆరు అంగుళాల స్టీలు స్కేలు, స్క్రూడ్రైవర్, పాత గుడ్డ, పెన్సిలు, ఒక అంచు తిన్నగా ఉన్న చెక్కముక్క, ఒక అయస్కాంతం. ఇత్తడిలా కనిపించేది నిజంగా ఇత్తడేనా, ఇనుము మీద పూతేనా అన్నది అయస్కాంతం క్షణంలో చెబుతుంది. వస్తువు మీద స్క్రూడ్రైవర్ పెట్టే ముందు మాత్రం అమ్మేవాళ్లను అడుగుతాను. "ఒకసారి విప్పి చూడొచ్చా అండీ?" అంటే కాదన్నవాళ్లు అరుదు.

మొదటి చిత్రిక

సంతలో సైకిలు విడిభాగాల పెట్టె అడుగున, గొలుసుల కింద దొరికింది. పైకి చూస్తే ఎర్రటి ఇనుప దిమ్మ, అంతే. ముందు గుబ్బ వెనక నంబర్ 5 అని పోతలోనే ఉంది. స్టాన్లీ వాళ్ల బెయిలీ రకం.

లియోనార్డ్ బెయిలీ అనే అమెరికన్ ఈ ఇనుప చిత్రికల అమరికకు పేటెంట్లు తీసుకున్నాడు. 1869లో స్టాన్లీ రూల్ అండ్ లెవల్ కంపెనీ వాటిని కొనేసింది. బ్లేడును సుత్తితో తట్టి సర్దుకునే అవసరం లేకుండా, వెనకున్న ఇత్తడి చక్రం తిప్పితే బ్లేడు పైకీ కిందికీ జరిగే పద్ధతి అది. తరవాత ఇంగ్లండులో రెకార్డ్ లాంటి కంపెనీలు కూడా ఇదే నమూనాలో చేశాయి, నంబర్లూ దాదాపు అవే. అందుకే నంబర్లు గుర్తుంటే సగం పని అయిపోతుంది. నంబర్ 4 నున్నగా చేసేది, పొడవు సుమారు 9 అంగుళాలు. నంబర్ 5 మోటు పనికి, 14 అంగుళాలు. నంబర్ 7 పొడవు అంచులకు, 22 అంగుళాలు.

ముందు గుడ్డతో నోటి చుట్టూ తుడిచాను. బ్లేడు బయటికి వచ్చే ఆ సన్నటి చీలిక మూలల దగ్గరే పగుళ్లు ఎక్కువ. తరవాత రెండు పక్క గోడలు. కింద పడిన చిత్రిక ముందుగా అక్కడే చిట్లుతుంది. టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే వెంట్రుకంత పగులు కూడా నల్లటి గీతలా తేలుతుంది. పసుపు రంగు గీత కనిపిస్తే ఎవరో పగులును ఇత్తడితో అతికారని అర్థం. అలాంటిది పని చేయొచ్చు, కానీ నేను తీసుకోను. వేడికి పోత వంగి ఉండే అవకాశం ఉంది, అడుగు భాగం తిన్నగా లేకపోతే దాన్ని సరిచేయడానికి చాలా ఓపిక కావాలి.

పగులు లేదు. బ్లేడును పైనుంచి నొక్కిపట్టే లీవర్ క్యాప్ తీసి బ్లేడు చూశాను. పొడవాటి గాడి చివర నుంచి పదును అంచు దాకా ఇంకా అంగుళంన్నరకు పైగా ఉక్కు మిగిలి ఉంది. అంటే ఇంకో మనిషి జీవితకాలం సాన పట్టుకోవచ్చు.

బ్లేడు ఆనుకునే వాలు దిమ్మను ఫ్రాగ్ అంటారు. దాని వెనక, చక్రం కింద ఒక చిన్న స్క్రూ ఉంది. ఫ్రాగ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే ఈ స్క్రూ 1907 ప్రాంతంలో వచ్చింది కాబట్టి చిత్రిక అంతకన్నా పాతది కాదు. ఫ్రాగ్ వెనక, అడుగు పోతలో మూడు పేటెంట్ తేదీలు ఉన్నాయి: రెండు 1902వి, ఒకటి 1910ది. అవి మూడూ కలిసి కనిపిస్తే దాదాపు 1910 నుంచి 1918 మధ్య సరుకు. లీవర్ క్యాప్‌లోని రంధ్రం తాళంచెవి రంధ్రంలా ఉంది. కిడ్నీ ఆకారపు రంధ్రం 1933లో గానీ రాలేదు. ఒకవేళ ఇత్తడి చక్రం ఉండాల్సిన చోట నల్లటి గట్టి రబ్బరు చక్రం కనిపిస్తే, అది రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటిది కావచ్చు. అప్పట్లో ఇత్తడి యుద్ధ అవసరాలకు పోయింది.

వయసు తెలిస్తే సంతోషమే, పనికి దానితో పెద్దగా సంబంధం లేదు. పనికి సంబంధం ఉన్నది స్క్రూలు అన్నీ ఉన్నాయా లేదా అన్నది. స్టాన్లీ వాళ్లు తమ సొంత మరలు వాడారు. పిడిని బిగించే కడ్డీ 12వ నంబరు మందం, అంగుళానికి 20 చుట్లు. లీవర్ క్యాప్ పట్టుకునే స్క్రూ 9/32 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో ఇవి దొరకవు. అందుకే విరిగిన చిత్రిక చవగ్గా కనిపిస్తే కేవలం స్క్రూల కోసం తీసుకోవడం తెలివైన పని.

నా నంబర్ 5లో అన్నీ ఉన్నాయి. వెనక పిడి రోజ్‌వుడ్, పైకొన మాత్రం విరిగింది. తీసుకున్నాను.

తుప్పు

తుప్పు తీసే పద్ధతిని వస్తువును బట్టి ఎంచుకుంటాను.

పూత లేని ఇనుప ముక్కలకు, అంటే బ్లేడు, దాని మీద బిగించే చిప్‌బ్రేకర్ అనే రేకు, ఉలులు, బిట్లకు, తెల్ల వెనిగర్ చాలు. రాత్రి నానేసి పొద్దున తీసి బ్రష్‌తో రుద్దితే నల్లటి మడ్డి ఊడొస్తుంది. తీసిన వెంటనే వంటసోడా కలిపిన నీళ్లలో ముంచాలి, లేకపోతే మిగిలిన ఆమ్లం ఇనుమును తింటూనే ఉంటుంది. ఆరబెట్టడంలో ఆలస్యమైతే కళ్ల ముందే పసుపు తుప్పు మళ్లీ ఎక్కుతుంది. హెయిర్ డ్రయ్యర్ పక్కనే పెట్టుకుంటాను, వేడిగా ఉండగానే నూనె పట్టిస్తాను. నికెల్ పూత ఉన్న భాగాల్ని, జింక్ పూత ఉన్నవాటిని వెనిగర్‌లో వేయను.

బాగా ముదిరిన తుప్పుకు కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా. పాతకాలం 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగ పనిముట్టుకు, పాజిటివ్ తీగ ఒక పనికిరాని ఇనుప ముక్కకు. రెండూ ఒకదాన్నొకటి తగలకూడదు. తుప్పు కొంత ఊడిపోతుంది, కొంత నల్లటి పొడిగా మారి బ్రష్‌కు వస్తుంది. మంచి ఇనుము చెక్కుచెదరదు, ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ పెట్టకూడదు, అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి వస్తుంది. రెండోది, ఇందులో హైడ్రోజన్ పుడుతుంది. కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, తీగలు ముట్టుకునే ముందు ఛార్జర్ ఆపేయాలి.

చిత్రిక ఒంటిని మాత్రం ఈ తొట్టిలో వేయలేదు. దాని మీది నల్లటి పూత తారు ఆధారంగా చేసి కొలిమిలో కాల్చింది. కరెంటు పద్ధతిలో అది పొరలు పొరలుగా లేచిపోతుంది. నూనె, సన్నటి స్టీల్ ఉన్ని, ఓపిక, ఇంతే. అద్దంలా మెరిసేదాకా రుద్దడం నాకు ఇష్టం ఉండదు. తిరిగే వైర్ బ్రష్ మిషన్‌తో బరికిన పనిముట్లు సంతలో చూసినప్పుడల్లా బాధేస్తుంది. అంచులు గుండ్రమైపోతాయి, ముద్రలు చెరిగిపోతాయి, ఇక వెనక్కి తేలేం.

పాత రంగు పూసిన వస్తువులైతే అందులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకకుండా తడిపి రుద్దుతాను, మాస్క్ పెట్టుకుంటాను, చిన్నపిల్లలు తిరిగే చోట ఆ పని చేయను.

రంపాలు

ఇక్కడ చాలా సమయం పెట్టాను, పెట్టాలి కూడా. చిత్రిక బ్లేడు పాడైతే ఇంకోటి వేసుకోవచ్చు. రంపంలో ప్రాణమంతా ఆ రేకులోనే ఉంటుంది.

రంపాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని, పిడి వైపు నుంచి పళ్ల వరస వెంట చూస్తాను. మొత్తం మీద మెల్లగా ఒక వైపు వంగి ఉంటే సరిచేయొచ్చు. ఒకచోట మడతలా వంకర ఉంటే పక్కన పెడతాను. తరవాత కొనను పట్టి మెల్లగా వంచి వదులుతాను. మంచి రేకు ఎగిరొచ్చి తిన్నగా నిలబడుతుంది. తుప్పు గుంటలు రేకు మధ్యలో ఉంటే పరవాలేదు, పళ్ల దగ్గర ఉంటే వద్దు. సాన పడుతూ పోతే ఏదో ఒకరోజు ఆ గుంట సరిగ్గా పంటి మొన మీదికి వస్తుంది, ఆ పన్ను విరుగుతుంది.

పిడి మీద ఇత్తడి బిళ్ల ఉంటుంది. హెన్రీ డిస్టన్ 1840లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన కంపెనీ రంపాలు ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తాయి. ఆ బిళ్ల మీది అక్షరాలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి కాబట్టి వయసు చెప్పేది అదే. 1955లో కంపెనీ చేతులు మారింది. గద్ద బొమ్మ, 'వారంటెడ్ సుపీరియర్' అన్న మాటలు మాత్రమే ఉండి తయారీదారు పేరు లేని బిళ్లలు కూడా ఎక్కువే. పెద్ద కంపెనీలు రెండో తరగతి సరుకు మీద, దుకాణాల కోసం చేసిన సరుకు మీద అవి వేసేవి. రేకు బాగుంటే వాటినీ తీసుకోవచ్చు.

నాకు దొరికింది డిస్టన్ అడ్డకోత రంపం. పిడి కింద రేకు మీద 8 అంకె ఉంది, అంటే అంగుళానికి ఎనిమిది మొనలు. ఒక గ్యారేజ్ సేల్‌లో పెద్దావిడ దాన్ని తోటపని సామాన్లతో కలిపి పెట్టారు. "మా నాన్నగారిది. కొమ్మలు కొట్టడానికి పనికొస్తుందని పెట్టాను" అన్నారు. పిడి మీద అల్లుకున్న గోధుమకంకుల చెక్కడం చూపించి ఇది మంచి వడ్రంగి రంపమండీ అని చెప్తే, లోపలికి వెళ్లి ఆకురాళ్ల కట్ట కూడా తెచ్చి ఇచ్చారు.

సాన పట్టే క్రమం ఇది. ముందు పళ్ల మొనల మీద బల్లపరుపు ఆకురాయి నడిపి అన్నీ ఒకే ఎత్తుకు తెస్తాను. ప్రతి మొన మీదా ఒక చిన్న మెరుపు చుక్క పడుతుంది. చుక్క పెద్దదిగా ఉన్న పన్ను ఎత్తుగా ఉన్నట్టు. తరవాత మూడు పలకల ఆకురాయితో పళ్ల మధ్య గాళ్లు దిద్దుతాను, చుక్క మాయమైన క్షణంలో ఆపేస్తాను. ఆ తరవాత సెట్. ఒక పన్ను ఎడమకు, తరవాతిది కుడికి కొద్దిగా వంచడం. కోత రేకుకన్నా కాస్త వెడల్పుగా పడితేనే రంపం ఇరుక్కోదు. చివరిగా అసలు పదును.

నిలువు కోత రంపానికి ఆకురాయిని రేకుకు అడ్డంగా, తొంభై డిగ్రీల్లో నడపాలి. ప్రతి పన్నూ చిన్న ఉలిలా తయారవుతుంది. అడ్డకోతకు ఆకురాయిని పక్కకు తిప్పి ఏటవాలుగా నడపాలి, అప్పుడు ప్రతి పన్నూ చాకు మొన అవుతుంది, చెక్క నారల్ని ముందే తెంపుతుంది. ఈ తేడా చేత్తో చేసి చూస్తే గానీ పూర్తిగా బోధపడదు. సాన పట్టాక మొదటి కోతకే పొట్టు సమంగా రాలింది. గీత మీద నుంచి రంపం పక్కకు జరగలేదు.

ఉలులు

ఉలుల మీద 'కాస్ట్ స్టీల్' అన్న ముద్ర కనిపిస్తే చాలామంది పోత ఇనుమనుకుని పక్కన పెట్టేస్తారు. అది మూసలో కరిగించి చేసిన ఉక్కు. 1740 ప్రాంతంలో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, స్ప్రింగులకు ఒకే నాణ్యత గల ఉక్కు కావాలని మట్టి మూసల్లో కరిగించే పద్ధతి కనిపెట్టాడు. తరవాత నూటయాభై ఏళ్లకు పైగా మంచి పనిముట్లకు అదే ఉక్కు. షెఫీల్డ్ సరుకు మీద 'ఇంగ్లండ్' అని కూడా ఉంటే, 1891 తరవాత అమెరికాకు పంపడానికి చేసింది అయ్యుండొచ్చు. దేశం పేరు తప్పనిసరి చేస్తూ అమెరికా 1890లో చట్టం చేసింది.

ఉలి విషయంలో నేను చూసేది వెనక వైపే. అక్కడ అంచు దగ్గర గుంటలుంటే పదును ఎప్పటికీ పళ్లు పళ్లుగానే వస్తుంది. మొన దగ్గర నీలం రంగు ఉంటే గ్రైండర్ వేడికి ఉక్కు గట్టిదనం పోయిందని అర్థం, ఆ నీలం దాటేదాకా అరగదీయాలి. పై అంచు సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకున్నా బాధలేదు, ఆకురాయితో పోతుంది. మందపాటి గాజు పలక మీద శాండ్‌పేపర్ అతికించి వెనక భాగం చదును చేసి, ముందు 25 డిగ్రీల వాలు, మొన దగ్గర 30. నాలుగు ఉలులు అయ్యాయి, నాలుగూ చేతి మీద వెంట్రుకల్ని గీస్తున్నాయి.

బ్రేస్, బిట్లు, మూలమట్టం

బ్రేస్‌లో దవడలు చూడాలి. 1864లో పేటెంట్ అయిన బార్బర్ చక్ పద్ధతిలో రెండు దవడలు ఒక గొట్టంలో కూర్చుంటాయి. గొట్టం పూర్తిగా విప్పి లోపల చూడకుండా కొనకూడదు, దవడల మధ్య స్ప్రింగు చాలాసార్లు ఉండదు.

బిట్ల తోక మీద అంకె పదహారో వంతుల్లో ఉంటుంది. 8 అంటే అర అంగుళం. బల్ల మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. మధ్యలోని సన్నటి మర చెక్కలోకి లాగేది, అంచుల్లోని రెండు మొనలు గుండ్రంగా గీసేవి. ఆ మర అరిగినా, మొనలు ఆకురాయికి బలైపోయినా బిట్టు అయిపోయినట్టే. అందుకే పెద్ద కట్టలో ముప్పాతిక భాగం వదిలేయాల్సి వస్తుంది, సంకోచం అక్కర్లేదు.

మూలమట్టాన్ని చెక్కముక్క తిన్నని అంచుకు ఆనించి గీత గీస్తాను, తిప్పి అదే చోట మళ్లీ గీస్తాను. రెండు గీతలూ కలిస్తే లంబకోణం సరిగా ఉన్నట్టు. విడిపోతే ఆ ఎడం అసలు తేడాకు రెట్టింపు, కాబట్టి చిన్న తప్పు కూడా దాగదు.

బల్ల ఇవతల, బల్ల అవతల

సంతకు తెల్లవారుతుండగానే వెళ్లాలి. గ్యారేజ్ సేల్స్‌లో అంతకన్నా పనికొచ్చేది ఒక్క ప్రశ్న: "పాత పనిముట్లు ఇంకేమైనా ఉన్నాయా అండీ, తుప్పు పట్టినవైనా సరే?" తుప్పుపట్టినవి ఎవరు కొంటారులే అని చాలామంది బయటే పెట్టరు. నా ఉలుల్లో సగం అలా లోపలి నుంచి వచ్చినవే.

బేరం ఆడతాను, కానీ వస్తువును తిట్టి ధర తగ్గించను. ఆ వస్తువు చాలాసార్లు వాళ్ల ఇంట్లో ఎవరిదో. అరుదైనది, సేకరించేవాళ్లు వెతికేది అని నాకు తెలిసి, అమ్మేవాళ్లకు తెలియకపోతే చెప్పేస్తాను. స్టాన్లీ 45 అనే గాళ్లు తీసే చిత్రిక డబ్బాతో సహా కనిపించినప్పుడు అలాగే చెప్పాను, కొనలేదు. దానికి విడి భాగాలు లెక్కలేనన్ని, ఒక్కటి తగ్గినా వెతుకులాట మొదలవుతుంది.

పాత చెక్క చిత్రికల ముందు భాగంలో వాడినవాళ్లు తమ పేరు ముద్ర కొట్టుకునేవాళ్లు. ఒక చిన్న చెక్క చిత్రిక మీద రెండు పేర్లున్నాయి, ఒకటి బాగా అరిగిపోయింది, రెండోది దాని పక్కన కాస్త స్పష్టంగా. గురువు నుంచి శిష్యుడికి వచ్చిందో, తండ్రి నుంచి కొడుక్కో, అమ్ముడుపోయిందో. ఆ చోట శాండ్‌పేపర్ తగలనివ్వను. నూనె గుడ్డతో తుడుస్తాను అంతే. ఆ గుడ్డ కూడా అవిసె నూనెదైతే ఉండ చుట్టి పడేయకూడదు, తనంతట తానే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టాలి.

ఇప్పటి పరిస్థితి

నంబర్ 5 పని చేస్తోంది. విరిగిన పిడి కొనకు రోజ్‌వుడ్ ముక్క దొరకలేదు, నల్లటి నారలున్న వేరే గట్టి చెక్క అతికి దిద్దాను. రంగు తేడా తెలుస్తుంది, చేతికి మాత్రం తెలియదు. నంబర్ 4 దొరికింది కానీ చిప్‌బ్రేకర్ మొన బ్లేడుకు పూర్తిగా ఆనడం లేదు. వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి సందు. ఆ సందులో పొట్టు ఇరుక్కుంటుంది కాబట్టి వచ్చే వారం సానరాయి మీద దాన్ని దిద్దాలి.

నిలువు కోత రంపం ఇంకా పళ్లు సమం చేసే దశలోనే ఉంది. ఎవరో అడ్డకోత పద్ధతిలో సాన పట్టారు, మొత్తం మళ్లీ తీర్చాలి.

నంబర్ 7 లేదు. పోయిన సంతలో ఒకటి కనిపించింది, పొడవుగా, అందంగా, స్క్రూలన్నీ ఉన్నాయి. టార్చి వేస్తే నోటి మూల నుంచి పక్క గోడ మీదికి నల్లటి గీత పాకింది. బల్ల మీద తిరిగి పెట్టేశాను, అమ్మేవాళ్లకు పగులు చూపించి, స్క్రూలు, ఫ్రాగ్ విడిగా ఇస్తారేమో అడిగి వచ్చాను. ఆలోచించి చెప్తామన్నారు.